అది కొత్త భవనం కాదండీ

ఫ్రెంచి వాస్తుశిల్పి బూలే గీసిన గ్రంథాలయం గురించిన ఓ వ్యాసంలో దాన్ని ‘కొత్త భవనం’ అన్నారు. కాదు. 1785లో ఆయన పారిస్ రాజ గ్రంథాలయానికి ప్రతిపాదించింది, అప్పటికే ఉన్న కట్టడాల నడిమి ప్రాంగణానికి పైకప్పు. సుమారు 300 అడుగుల పొడవు, 90 వెడల్పు (ఫ్రెంచి అడుగులు, మనవాటికన్నా కాస్త పెద్దవి). పుస్తకాలు మెట్లు మెట్లుగా ఉంటాయి. మెట్టుకొకరు నిలబడి చేతులు మార్చి కిందికి అందిస్తారు, నిచ్చెనతో పనిలేదు. ఆయన సిరా పూతలతో వేసిన బొమ్మలో మనుషుల్ని వేలితో మూసి చూడండి, హాలు ఎంత పెద్దదో అంతు చిక్కదు. ఇలాంటి సిరా పూతలు పలచగా, ఒకటి ఆరాకే మరొకటి వెయ్యాలి. తడిమీద వేస్తే మరక కట్టి, కమాను పైకప్పులోని గుంట గళ్ల లోతు బొమ్మలో చచ్చిపోతుంది. ఆ పైకప్పు కట్టడం మాత్రం జరగనే లేదు.