వ్యావహారిక బొంతకు న్యాయం జరగాలి

మన దేశం అమెరికా కంటే ఎందులో వెనకబడిందని ఎవరైనా అడిగితే ఇన్నాళ్ళూ రోడ్లనీ, రాకెట్లనీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాళ్ళం. ఇప్పుడు పర్లాకిమిడిలో మాకు అసలు సంగతి తెలిసిపోయింది. మనం బొంతల్లో వెనకబడ్డాం. ఈ విషయం కనిపెట్టింది మా మేనత్త. కూతురి పురిటికని హ్యూస్టన్ వెళ్ళి, పనిలో పనిగా అక్కడి ఇంటర్నేషనల్ క్విల్ట్ ఫెస్టివల్, అంటే బొంతల పండగ, చూసొచ్చింది.

అత్తని తక్కువ అంచనా వేయకండి. మా వీధిలో పుట్టిన ఏ బిడ్డా ఆవిడ బొంత తడపకుండా పెరగలేదు. పాత నేతచీరలు పొరలు పొరలుగా నేల మీద పరిచి, మూలల్లో ఇటుకో పొత్రమో బరువు పెట్టి, ఆ చీర అంచులోంచి లాగిన దారంతోనే వరస తప్పకుండా కుట్టుకుంటూ పోతుంది. అలాంటి మనిషిని తీసుకెళ్ళి జార్జ్ ఆర్ బ్రౌన్ కన్వెన్షన్ సెంటర్‌లో వదిలారు. మా గజపతి జిల్లా సంతలన్నీ తెచ్చి పెట్టినా ఇంకా చోటు మిగిలే హాలట అది. కరోనాకి ముందు ఏటా 50 వేల మందికి పైగా వచ్చేవారట, బొంతలు చూడ్డానికి! మాకు బొంత చూడాలనిపిస్తే డాబా ఎక్కితే చాలు, పక్కవాళ్ళ పిట్టగోడ మీద ఆరుతూ ఉంటుంది, టికెట్ లేదు.

ముందు అత్త కాళ్ళు ఆగిపోయింది గుడ్డముక్కల కొట్టు దగ్గర. ఫ్యాట్ క్వార్టర్ అంటారట, 18 అంగుళాలు బై 22 అంగుళాలు, ముద్దుగా మడిచి, రిబ్బను కట్టి, డాలర్లకి అమ్ముతున్నారు. అంటే కొత్త తానుని ముక్కలు చెయ్యడం, ఆ ముక్కలు కొనుక్కెళ్ళి ఇంకా చిన్న ముక్కలు చెయ్యడం, చేసినవన్నీ మళ్ళీ అతకడం. మా టైలరు పొద్దుపోయాక చీపురుతో ఊడ్చేసే సరుకుకి అక్కడ క్యూ కట్టారు. "చిరగని గుడ్డ చింపుకోవడమేంట్రా, ఇంట్లో ఒక్క పాతచీర కూడా లేదా వీళ్ళకి?" అని వీడియో కాల్‌లో నన్నడిగింది. అసలు చీరే లేదత్తా అని చెప్పాను. పాపం, చాలాసేపు జాలిపడింది.

తర్వాత బొంతలు కుట్టే మంచమంత మిషన్లు చూసింది, లాంగ్ ఆర్మ్ అంటారు, ఖరీదు అడిగితే కారు ఖరీదు చెప్పారట. భార్యల కోసం ఎదురుచూస్తూ బెంచీల మీద కూలబడ్డ మగాళ్ళనీ చూసింది. మావయ్య అక్కడుంటే తోడు దొరికేదని మాత్రం అంది.

అసలు ఘట్టం గోడలకి వేలాడదీసిన బొంతల దగ్గర జరిగింది. ఎవరూ ముట్టుకోకూడదు. వెనకవైపు చూడాలంటే తెల్ల గ్లవ్స్ వేసుకున్న ఒకావిడ వచ్చి రెండు వేళ్ళతో అంచు పట్టి తిప్పి చూపిస్తుంది. అత్తకి ముందు వెనకే కావాలి, కుట్టినవాళ్ళెవరైనా అంతే. కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టి, ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళి వెతికింది. ఆవగింజ పేర్చినట్టు కుట్లు, ఒక్క ముడి కూడా బయటికి లేదు. ముడిని లాగి పొరల మధ్య దూదిలోకి దాచేస్తారట. "పనిమంతురాలే" అని ఒప్పుకుంది. ఆవిడ నోట ఆ మాట మా ఇంటి కోడళ్ళెవరూ ఇంతవరకు వినలేదు. తర్వాత, ఉతికితే రంగు దిగుతుందా అని అడిగింది. కూతురు ఇంగ్లీషులో అడిగి, జవాబు తెచ్చింది: దీన్ని ఎప్పుడూ ఉతకలేదు. మరి కప్పుకునేదెవరు? ఎవరూ కప్పుకోరు.

తడిసిన బొంతని మహేంద్రతనయ ఒడ్డున ఇద్దరు చెరోవైపు పట్టుకుని పిండితే భుజాలు ఊడొచ్చే ఊరు మాది. ఉతకని, కప్పుకోని, ముట్టుకోని, దూరం నుంచి దణ్ణం పెట్టుకోవలసిన బొంతని ఏమనాలో నాకు తెలుసు. అది గ్రాంథిక బొంత. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో పుట్టి ఈమాత్రం పోల్చుకోలేకపోతే ఎలా? జనం మాట్లాడే తెలుగునే రాయాలని ఆయన పండితులతో తగువు పెట్టుకున్నారు. 1936లో ఊరు ఒడిశాలో కలిశాక ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. బొంతల తరఫున వాదించే నాథుడు లేకుండా పోయాడు.

అమెరికాలో మాత్రం వ్యావహారిక బొంతలు లేవా అంటే ఉన్నాయి. అలబామాలో గీస్ బెండ్ అనే ఊళ్ళో నల్లజాతి ఆడవాళ్ళు పొలం పనిలో అరిగిపోయిన ప్యాంట్లు, చొక్కాలు కోసి చలికి బొంతలు కుట్టుకున్నారు. అవి 2002లో హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో గోడకెక్కాయి, ఆపైన న్యూయార్క్ విట్నీ మ్యూజియంకి వెళ్ళాయి, 2006లో తపాలా బిళ్ళల మీద కూడా వచ్చాయి. పిల్లల మీద కప్పినన్నాళ్ళూ బొంత, పిల్లల మీంచి లాగేస్తే కళ.

కాబట్టి మనమూ లాగేద్దాం. మన పాతచీరలిచ్చి స్టీలు గిన్నెలు తీసుకోవడం తక్షణం ఆపాలి, జాతీయ సంపద డబ్బా గిన్నెలకి తరలిపోతోంది. బండి మీద వాయిదాలకి అమ్ముకొచ్చే రగ్గుల మీద సుంకం వెయ్యాలి. ఫలానా సరుకు ఫలానా ఊరిదని సర్కారిచ్చే జీఐ గుర్తింపు సంగతంటారా, జగన్నాథుడి సేవకి కుట్టే పిపిలి అతుకు పనికి ఉంది, బెంగాల్ నక్షి కాంతా కుట్టుపనికి ఉంది, కానీ మాది సరిహద్దు బొంత. కుట్టింది తెలుగావిడని భువనేశ్వర్, కుట్టింది ఒడిశాలోనని అమరావతి తేల్చేసరికి బొంత చివికిపోతుంది. రసగుల్లాకే బెంగాల్‌కి 2017లో ఒకటి, ఒడిశాకి 2019లో ఒకటి ఇచ్చి చేతులు దులుపుకోవాల్సొచ్చింది.

అంచేత గుర్తింపు కోసం ఆగకుండా మా బొంతని నేరుగా ఏదో ఒక పెద్ద పోటీకే పంపిద్దామని తీర్మానించాం. వేలాడదీయడానికి వెనక పైఅంచున 4 అంగుళాల గొట్టంపట్టీ కుట్టాలని నిబంధన. "గోడకేమైనా చలేస్తుందా" అని గొణుగుతూనే అత్త కుట్టడానికి సిద్ధపడింది. దరఖాస్తు నింపేశాం, ఫొటో ఒక్కటే బాకీ. ఫొటో తియ్యాల్సిన బొంత మీద మావయ్య పడుకుని ఉన్నాడు, లేవమంటే అటు తిరిగి పడుకుంటున్నాడు.