పొట్ట చిన్నదైంది, కంచం మాత్రం పాతదే

మా అక్కకి స్లీవ్ సర్జరీ, అంటే బరువు తగ్గడానికి పొట్టని కోసి చిన్నది చేసే ఆపరేషన్, అయ్యి అది ఐదో వారం. మెత్తటి తిండి మొదలుపెట్టొచ్చన్నారు కదా అని మా అమ్మ అన్నం బాగా మెత్తగా వండి, పప్పు కలిపి, నెయ్యేసి, పసిపిల్లకి పెట్టినట్టు చిన్న గిన్నెలో పెట్టింది. నాలుగో ముద్దకి అక్క ఆగిపోయింది. ఛాతీ మధ్యలో ఏదో అడ్డం పడ్డట్టు పట్టేసింది, నోట్లో ఒకటే ఉమ్మి నురగలా ఊరుతోంది, లేచి సింకు దగ్గరికెళ్లి నిలబడింది. వెనకాలే అమ్మ గ్లాసు పట్టుకుని "రెండు గుక్కలు తాగవే, దిగిపోద్ది" అంటోంది. తాగాక నొప్పి ఇంకా ఎక్కువైంది. అమ్మ ప్రేమగానే పెట్టింది, అక్క జాగ్రత్తగానే తింది, కానీ ఆ పొట్టకి ఏం పడుతుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు, ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

మన దగ్గర ఈ ఆపరేషన్ గురించి మాటలన్నీ ముందు సంగతే. ఎన్ని కిలోలు తగ్గుతారు, ఎంతవుద్ది, ఇన్సూరెన్స్ వస్తుందా రాదా, ఇంతే. ఇంటికొచ్చాక రోజుకి ఐదారుసార్లు ఆ మనిషి ముందుకొచ్చే కంచం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నా ఉద్దేశంలో అసలు కష్టమంతా అక్కడే ఉంది.

స్లీవ్‌లో పొట్టని దాదాపు 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయలాంటి ఒక సన్న గొట్టం, మొదట్లో 100-150 మిల్లీలీటర్లు పడుతుంది, అంటే ఒక టీ గ్లాసు అనుకోండి. బరువు తగ్గడానికే చేసే ఇంకో ఆపరేషన్ గ్యాస్ట్రిక్ బైపాస్ (గుండెకి చేసే బైపాస్ కాదు), అందులో అయితే పొట్ట పైన వదిలే సంచి 30 మిల్లీలీటర్లే. ఇంకోటి, ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ (1999లో జపాన్ సైంటిస్టులు కనిపెట్టారు) ఎక్కువగా తయారయ్యేది స్లీవ్‌లో కోసేసే ఆ పైభాగంలోనే, అందుకే కొన్ని నెలలపాటు ఆకలే వెయ్యదు చాలామందికి. మన ఇళ్లల్లో మనిషి బాగున్నాడో లేడో చూసేదే అన్నం తిన్నాడా లేదా అని. ఆకలి లేని మనిషిని చూసి కంగారుపడి ఇంకో ముద్ద పెట్టేస్తాం.

ఇప్పుడు మన భోజనం ఎలా ఉంటుందో చూడండి. మనకి అన్నమే అసలు, మిగతావన్నీ ఆదరువు. పప్పు కలుపుకుంటాం, కూర కలుపుకుంటాం, గుడ్డో చేప ముక్కో నంజుకుంటాం, చివర్లో పెరుగు. ఆపరేషన్ తర్వాత రోజుకి కనీసం 60 గ్రాముల ప్రోటీన్ కావాలంటారు, లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోద్ది. 100 గ్రాముల అన్నంలో ఉండేది మూడు గ్రాములు కూడా కాదు, ఒక్క గుడ్డులో ఆరు గ్రాములు. టీ గ్లాసంత పొట్టని ముందే అన్నంతో నింపేస్తే గుడ్డుకి చోటెక్కడ, చివర్లో వచ్చే పెరుగుకి చోటెక్కడ. పైగా అన్నం నమలకుండా మింగితే ముద్దకట్టి అడ్డంపడేది కూడా, అక్కకి ఆ రోజు జరిగిందదే. కాబట్టి మన భోజనాన్ని తలకిందులు చెయ్యాలి, ఇది నేను పదేపదే చెప్పే మాట. నంజుకునేది ముందు తినాలి. గుడ్డు, చేప, మెత్తగా ఉడికిన కీమా, గట్టి పప్పు, పనీర్, పెరుగు, ఇవయ్యాక ఇంకా చోటుంటే కూర, ఆ తర్వాతే ఒక స్పూను అన్నం. నీచు ముట్టని వాళ్లకి ఇది ఇంకా కష్టం, ఎందుకంటే పప్పులో ప్రోటీన్ కంటే పిండి పదార్థమే ఎక్కువ, అందుకని వాళ్లకి మీల్ మేకర్, వడగట్టిన గట్టి పెరుగు, చాలామందికి ప్రోటీన్ పౌడర్ కూడా తప్పదు.

అక్కకి డిశ్చార్జి రోజు చేతిలో పెట్టిన కాగితంలో ఏముందంటే బ్రకోలీ సూపు, క్వినోవా, గ్రీక్ యోగర్ట్. మొత్తం ఇంగ్లీషు. వండేది మా అమ్మ, ఆమె ఆ కాగితం చదవలేదు. మొదటి ఒకట్రెండు రోజులు పల్చటి ద్రవాలు అంటే వడగట్టిన చారు తేట, మజ్జిగ తేట, తర్వాత రెండు వారాల దాకా పెసరకట్టు, పాలు, పల్చటి మజ్జిగ, ఆ తర్వాత మిక్సీ పట్టినవి, ఆపైన మెత్తటివి, మామూలు తిండికి రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఇదంతా మన వంటింట్లో ఉన్న పేర్లతోనే చెప్పొచ్చు కదా. అన్నంతో పాటు నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి, మిగతా రోజంతా గుక్క గుక్కగా లీటరున్నర దాకా తాగాలి అనేది కూడా వండి వడ్డించే మనిషికి తెలియాలి, ఎందుకంటే కంచం పక్కన గ్లాసు పెట్టేది ఆమే.

ఇంకో విషయం ఉంది, దీన్ని మాత్రం భయపెట్టైనా చెప్పాలి. వారాల తరబడి వాంతులవుతూ ఏమీ తినలేకపోతే ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, అయిపోతుంది, దాని నిల్వ రెండు మూడు వారాలకి మించి ఉండదు. ఒకప్పుడు మన కోస్తా జిల్లాల్లో మరపట్టిన తెల్లబియ్యం మీదే బతికినవాళ్లకి వచ్చిన బెరిబెరి జబ్బు ఈ లోటువల్లే. కాళ్లు తిమ్మిర్లెక్కడం, నడక తూలడం, రెండేసిగా కనపడటం, మాట పొంతన లేకపోవడం మొదలైతే అది నీరసం కాదు, మెదడు దెబ్బతింటున్న సూచన. మన దగ్గర నీరసమనగానే పక్కవీధి డాక్టర్ దగ్గరికెళ్లి గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకునే అలవాటుంది. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఆ దెబ్బ ఇంకా ముదురుతుంది. నాకు ఆపరేషన్ అయింది, వాంతులవుతున్నాయి, ముందు బి1 ఇవ్వండి అని చెప్పగలగాలి, ఆ మనిషి చెప్పలేకపోతే పక్కనున్న వాళ్లు చెప్పాలి. బి12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ కూడా జీవితాంతం వాడాల్సినవే, బాగానే ఉన్నాను కదా అని మానేసేవి కావు.

మూడో నెలకి అక్క జుట్టు దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా వచ్చింది. బరువు వేగంగా తగ్గితే అలా ఊడుద్ది, చాలామందికి మళ్లీ వస్తుంది, కానీ ఆ టైంలో పెళ్లికెళ్తే ఎన్ని మాటలు. అలా పీక్కుపోయావేంటి, ఆపరేషన్ దేనికి, నోరు కట్టుకుంటే సరిపోదా, ఈ ఒక్క జాంగ్రీ తిను ఏమవుద్ది. ఏమవుద్దంటే, బైపాస్ వాళ్లకి ఎక్కువగా, స్లీవ్ వాళ్లలో కొందరికి, తీపి తిన్న అరగంటలోపే గుండెదడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, విరేచనం. డంపింగ్ అంటారు దాన్ని. పదిమందిలో అది వస్తే ఎంత అవమానంగా ఉంటుందో ఆ జాంగ్రీ పెట్టిన చేతికి తెలీదు. నోరు కట్టుకోలేక చేయించుకుందని అన్నవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు, పదిహేనేళ్లు నోరు కట్టుకునే ఉంది ఆమె, తగ్గడం మళ్లీ పెరగడం అన్నీ చూశాం మేము.

2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఈ ఆపరేషన్ ఎవరికి చెయ్యొచ్చో చెప్పే 1991 నాటి పాత కొలతల్ని సడలించాయి, ఆసియా వాళ్లకి బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు ఎంతుందో చూసే లెక్క) 27.5 దాటినా ఆపరేషన్ సూచించొచ్చన్నాయి. అంటే ముందు ముందు ఇంకా ఎక్కువ ఇళ్లల్లో ఈ కంచం గొడవ వస్తుంది. అందుకే ఆపరేషన్‌కి ముందే వండే మనిషిని, అమ్మో భార్యో భర్తో ఎవరైతే వాళ్లని, డైటీషియన్ గదిలోకి పిలిచి కనీసం ఒక గంట తెలుగులో మాట్లాడాలంటాను. పొట్ట ఎలా కోస్తారో బొమ్మ గీసి చూపిస్తున్నారు, కంచం బొమ్మ కూడా గీయొచ్చు.

ఇప్పుడు అక్కకి ఏడాదిన్నర దాటింది. ఈమధ్య ఆకలి మళ్లీ తెలుస్తోందని భయపడుతోంది, ఆపరేషన్ పాడైపోయిందేమో అని. పాడవలేదు, చాలామందికి ఈ టైంకి ఆకలి తిరిగొస్తుంది. ఐస్‌క్రీం, కారప్పూస, మిక్చర్ లాంటివి మాత్రం ఏ అడ్డూ లేకుండా జారిపోతాయి, గుడ్డు రెండో ముక్కకే ఆపేసే పొట్ట వీటిని ఆపదు, బరువు వెనక్కొచ్చే దారుల్లో ఇదొకటి. సరిగ్గా ఈ టైంకే చాలామంది ఫాలోఅప్‌కి వెళ్లడం మానేస్తారు, అక్క కూడా రెండుసార్లు ఎగ్గొట్టింది. వచ్చే వారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాం, ఈసారి అమ్మ కూడా వస్తానంది.