ఈగకు లేని లాజిక్కు చేపకెందుకు బావా?

నిన్న రాత్రి నుంచి ఒళ్లు మండుతోంది. ఇక్కడ కక్కేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

అక్కా బావా హనుమకొండలో మా ఇంటికి భోజనానికి వచ్చారు. పిల్లలను అమ్మ గదిలో పడుకోబెట్టి, ఇది పెద్దల సినిమా, కాస్త వింతగా ఉంటుంది, ఓపిగ్గా చూడండి అని చెప్పి మరీ 'ది షేప్ ఆఫ్ వాటర్' పెట్టాను. 2018లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చిందని కూడా అన్నాను. అదే నా తప్పు. ఆస్కార్ అనగానే బావకు మన 'నాటు నాటు' పాట గుర్తొచ్చి పావుగంట దాని మీదే ఉపన్యాసం, తాను కొరియోగ్రఫీ చేసినట్టే.

కథ 1962 నాటిది, బాల్టిమోర్ ఊరు. ప్రభుత్వ ప్రయోగశాలలో రాత్రి డ్యూటీ ఊడ్చే మూగామె, అక్కడ గొలుసులతో కట్టేసిన చేపమనిషిని ప్రేమిస్తుంది. ఉడికించిన కోడిగుడ్డు తెచ్చి నీళ్ల అంచున పెట్టి, వెనక్కి జరిగి చూస్తుంటుంది. నేను ఎన్నిసార్లు చూసినా అక్కడ ఊపిరి బిగబడతాను. సరిగ్గా అక్కడే మా బావ: "గుడ్డు పెడితె ప్రేమైతదా? అట్లయితే అంగన్‌వాడీ టీచర్‌ను ఊరంత ప్రేమించాలె!"

అందరూ పడీ పడీ నవ్వారు. మా ఆయన కూడా. ఆయన సంగతి వేరే పోస్టులో చెప్తాను.

మొదట్లో ఆమె ఒంటరిగా స్నానం చేసే సీను రాగానే "ఛీ ఛీ, ఇంట్ల పెట్టే సినిమానా ఇది" అన్నాడు. పిల్లను భుజం మీద కూర్చోబెట్టుకుని ఐటెం సాంగులకు విజిలేసిన మనిషండీ. అక్కడ తిప్పేది నడుము కాబట్టి పర్లేదు. ఒక ఆడమనిషి తనకోసం తాను ఏదైనా కోరుకుంటే మాత్రం కుటుంబ విలువలు లేచి నిలబడతాయి.

సరే, దాన్నీ వదిలేద్దాం. ఆమె పక్కింటి పెద్దాయనకు చేతులతో చెప్పే సీను ఉంది చూడండి. వాడు నన్ను చూసేటప్పుడు నాలో ఏం తక్కువో వాడికి తెలియదు అని కోపంగా సైగలు చేస్తుంది, నేను చెప్పేది నువ్వు పైకి చదువు అని ఆయన నోటితోనే అనిపిస్తుంది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండాల్సిన చోటు. బావ ఫోన్లో: "హలో, ఆ ఈస్ట్ ఫేసింగ్ బిట్టు ఉన్నదా, పోయిందా?"

ఇక బాత్‌రూం సీను. చేపమనిషిని ప్రయోగశాల నుంచి తప్పించి ఇంటికి తెచ్చి దాచుకుంటుందామె. తలుపు సందులో తువ్వాళ్లు కుక్కి, కొళాయిలన్నీ తిప్పి, గదిని నిలువునా నీళ్లతో నింపేస్తుంది. ఇద్దరూ ఆ నీళ్లలో. "గట్ల నిండుతదా? సందులకెళ్లి కారదా? లాజిక్ లేదు మరదలా." కారుతుంది బావా! కారి ఆమె ఇంటి కిందున్న సినిమా హాల్లో జనం మీద పడుతుంది, సినిమాలోనే చూపించారు. నువ్వు చూస్తే కదా!

లాజిక్కట. 1961లో 'జగదేకవీరుని కథ'లో మన రాజకుమారుడు ఒకేసారి ఇంద్రుడి కూతురు, నాగకన్య, వరుణుడి కూతురు, అగ్ని కూతురు నలుగురినీ కోరుకుంటే ఎవరైనా లాజిక్ అడిగారా? ఆ నలుగురిలో ఒకామెది నీళ్ల ఇలాకానే. 1990లో 'జగదేక వీరుడు అతిలోక సుందరి'లో ఇంద్రుడి కూతురు ఉంగరం పోగొట్టుకుని భూమ్మీద చిక్కుకుపోతే అడిగారా? మొన్న 2025 మేలో అదే సినిమా త్రీడీలో మళ్లీ వస్తే కళ్లద్దాలు పెట్టుకుని ఈలలేశారు. అసలు కడుపు రగిలేది 'ఈగ'తో. 2012లో మా అక్కను రెండుసార్లు తీసుకెళ్లాడీయన. చచ్చిపోయినవాడు ఈగై పుడితే, ఆ అమ్మాయి ఆ ఈగతోనే ప్రేమగా ఉంటే, ఈయన కళ్లు తుడుచుకున్నాడు. అరచేత్తో కొడితే పోయే ఈగతో ప్రేమ కుదురుతుంది గానీ, రెండు చేతులూ రెండు కాళ్లూ ఉన్న చేపమనిషితో కుదరదు!

ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు కథ తెల్లవార్లూ కూర్చుని వినే మనుషులం మనం. వింతలు మనకు కొత్తా?

అయినా నీళ్ల గురించి లాజిక్ అడిగే హక్కు ఈ భూమ్మీద ఎవరికైనా ఉందేమో, మా బావకు లేదు. ఇది సినిమా విషయం కాదని మీరంటారు, కానీ ఇదే విషయం. మేముంటున్న ఈ ప్లాటు ఈయన మాట మీద కొన్నదే. "క్లియర్ టైటిల్, కళ్లు మూసుకుని తీసుకో" అన్నాడు, మేం నిజంగానే కళ్లు మూసుకున్నాం. కొన్నాక పక్కింటి ముసలాయన చెప్పాడు, ఇదంతా చెరువు శిఖం, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే నేల అని. 2023 జూలై వానలకు తెల్లవారుజామున మోకాళ్ల లోతు నీళ్లు. ఫ్రిజ్ వెల్లకిలా పడి తేలింది. గ్యాస్ సిలిండర్ వంటింట్లోంచి హాల్లోకి నడుచుకుంటూ వచ్చింది. అమ్మ మంచం మీద బియ్యం బస్తా, బస్తా మీద అమ్మ. అప్పుడు ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "ప్రకృతి వైపరీత్యం మరదలా, మనమేం చేస్తం."

ప్రకృతేం చేసింది? కాకతీయులు గొలుసుకట్టు చెరువులు తవ్వించారని బడి పిల్లలకు కూడా తెలుసు. పైచెరువు అలుగు పోస్తే నీళ్లు కింది చెరువుకు పోతాయి. ఆ దారిలో రాళ్లు పాతి, ఏదో నగర్ అని కమాను నిలబెడితే నీళ్లెటు పోవాలి? మా బాత్‌రూముకే. తువ్వాళ్లు కుక్కి చూశాను బావా, ఆగలేదు. గది ఎట్లా నిండుతుందో నన్నడుగు, నేను చెప్తాను.

ఇంకా సినిమా మిగిలి ఉండగానే రిమోట్ లాక్కుని క్రికెట్ పెట్టాడు. అక్క ఏమీ అనలేదు. రాత్రంతా ఒక్క ముక్క మాట్లాడలేదు, ప్లేట్లు కడిగి వెళ్లిపోయింది.

పొద్దున ఏడింటికి ఫోన్ చేసింది. వంకాయ కూరలో ఉప్పెక్కువైందని, చిన్నోడికి జలుబని ఏవేవో చెప్పి, గొంతు తగ్గించి అడిగింది: "ఆ గుడ్ల సినిమా మిగిలింది మల్లెప్పుడు పెడ్తవే? బుధవారం మీ బావ కరీంనగర్ పోతుండు."