అగ్నిపర్వతాన్ని అడ్డు తొలగించాలని మనవి

స్పెయిన్ దేశపు తెనెరీఫే ద్వీపం నడిబొడ్డున తెయ్‌దే అనే అగ్నిపర్వతం ఉంది. 3,715 మీటర్ల ఎత్తుతో ఆ దేశంలోకెల్లా ఉన్నత శిఖరమైన దీని పరిసరాలను 1954లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. 2007లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ రెండు నిర్ణయాలూ సైకిల్ తొక్కేవారిని సంప్రదించకుండా తీసుకున్నవేనని దస్త్రాలు తిరగేయకుండానే చెప్పవచ్చు. సంప్రదించి ఉంటే, అక్కడ వారసత్వంగా కాపాడదగినది తారు రోడ్డు ఒక్కటేననీ, దానికి ఇరువైపులా పేరుకుపోయిన లావా అనవసరపు పటాటోపమనీ వారు సవినయంగా మనవి చేసి ఉండేవారు.

ఆ రోడ్డు ఘనతను ఎవరూ కాదనరు. సముద్రపుటొడ్డున మొదలుపెట్టి రెండు వేల మీటర్లకు పైబడిన లాస్ కన్యాదాస్ పీఠభూమి వరకు, మధ్యలో చెప్పుకోదగ్గ విరామం ఇవ్వకుండా ఎక్కించే దారులు యూరప్‌లో అరుదు. దక్షిణం నుంచి వచ్చేవారు విలాఫ్లోర్ అనే కొండ ఊరు దాటి పైన్ చెట్ల నడుమ మలుపులు తిరుగుతారు. పడమట చీయో నుంచి వచ్చేవారికి 1798లో మూడు నెలలపాటు పారిన లావా, నల్లగా, దున్ని వదిలేసిన పొలంలా గడ్డలు గడ్డలుగా ఎదురవుతుంది. ఈశాన్యపు దారి ఇసాన్యా ఖగోళ పరిశోధనశాల పక్కగా సాగుతుంది. వాలు భయపెట్టేంత నిటారు కాదు, సగటున అయిదారు శాతం; అయితే భయపెట్టి వదిలేసే కొండ వేరు, మర్యాదగా మాట్లాడుతూనే గంటల తరబడి కూర్చోబెట్టే కొండ వేరు.

ఉత్తరాన లా ఒరోతావా నుంచి వెళ్లే దారికి ఇంకొక విశేషం ఉంది. సముద్రం మీదుగా వీచే వ్యాపార పవనాలు తెచ్చిన తేమ ఆ వాలు మీద మేఘాల పొరగా నిలిచిపోతుంది. తడిసి ముద్దయి, పది గజాల అవతల ఏముందో తెలియని మసకలో తొక్కుతూ తొక్కుతూ ఒక మలుపు దగ్గర ఉన్నట్టుండి ఎండలోకి వస్తారు; మేఘాలు కాళ్ల కింద సముద్రంలా పరచుకుని ఉంటాయి. ఆ ద్వీపపు ఆదివాసులైన గ్వాంచెల కథలో, గ్వాయోత అనే దుష్టశక్తి సూర్యుణ్ణి ఎత్తుకుపోయి ఈ కొండ కడుపులో బంధిస్తే, అచమాన్ అనే దేవుడు విడిపించి, గ్వాయోతనే లోపల పెట్టి మూసేశాడట. అంతటి పురాణం కళ్లముందు మళ్లీ జరుగుతున్నప్పుడు మన సైకిల్ యోధుడు తల ఎత్తాడా? ఎత్తలేదు. ఎండకు గుండె వేగం కాస్త పెరిగిన సంగతిని తెరమీద గమనించి, ఆందోళన చెందాడు.

తెర అంటే హ్యాండిల్‌కు బిగించిన అగ్గిపెట్టెంత యంత్రం. ఎన్ని వాట్లు పుట్టిస్తున్నాడో, గుండె ఎంత కొట్టుకుంటోందో, ఎక్కవలసినది ఇంకా ఎంత ఉందో అది చెబుతుంది. గోరంతలను కొండంతలు చేసేవారిని మనం చూశాం. కొండంతను గోరంత తెరలో ఇమిడ్చిన ఘనత మాత్రం ఈ తరానికే దక్కింది. ముక్కు చివరి నుంచి జారిన చెమట చుక్క ఆ తెరమీద పడుతుంది, తొడుగు వేసుకున్న బొటనవేలితో తుడుస్తాడు, ఆ తాకిడికి వాట్ల పుట మాయమై వాతావరణ పుట ప్రత్యక్షమవుతుంది. 1909లో చిన్యేరో అనే అగ్నిబిలం పది రోజులు పేలిన తరువాత ఆ ద్వీపంలో సంభవించిన అతి పెద్ద ఉత్పాతం ఇదే.

దిగేటప్పుడైనా చూస్తాడేమోనని ఆశించడం అమాయకత్వం. ఆ వేగంలో మలుపు మీద నుంచి చూపు తిప్పితే తెయ్‌దే కాదు, యముడు కనిపిస్తాడు. కనుక దృశ్యాన్ని చూసే బాధ్యతను, సైకిల్ వారి వాటాతో సహా, అద్దె కార్లలో వచ్చే పర్యాటకులు స్వచ్ఛందంగా స్వీకరించి, స్టీరింగ్ పట్టుకునే నిర్వర్తిస్తున్నారు.

గాలి విషయంలో మాత్రం అగ్నిపర్వతం చేస్తున్న సేవను ఒప్పుకోవాలి. 2,150 మీటర్ల ప్రాంతంలో ఒక హోటల్ ఉంది. ఆ ఎత్తులో పీల్చే ప్రతి శ్వాసలోనూ ఆక్సిజన్ సముద్రతీరంలో కంటే దాదాపు నాలుగో వంతు తక్కువ. మామూలుగా సరుకు నాలుగో వంతు తగ్గించి అమ్మితే తూకంలో మోసమంటారు; ఇక్కడ ఆ తగ్గుదల కోసమే సైకిల్ పందేల జట్లు వారాల తరబడి బస చేస్తాయి. ఆక్సిజన్ చాలడం లేదని గ్రహించిన మూత్రపిండాలు ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తాయి, ఎర్ర రక్తకణాలు పెరుగుతాయి. అదే హార్మోన్‌ను సూదితో ఎక్కించుకుంటే నిషేధం, పరువు పోవడం. హోటల్ బిల్లు కట్టి, సొంత మూత్రపిండాల చేత చేయించుకుంటే శిక్షణ. 2012లో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం గెలిచిన బ్రాడ్లీ విగ్గిన్స్ అంతకుముందు ఇక్కడే సాధన చేశారు. ఆయన గెలుపుకు అసలు కారణం ఆయన కాళ్లు కావనీ, ఈ కొండ గాలి అనీ గట్టిగా నమ్మిన బొజ్జ గల భక్తులు నాటి నుంచి వారం రోజుల సెలవు మీద వచ్చి, ఆక్సిజన్ లేమిని శ్రద్ధగా సేవించి, రాత్రికి తీరంలోని బసకు దిగి నిండుగా గాలి పీల్చుకుంటున్నారు.

శాస్త్రజ్ఞుల గొడవ ఇంకొకటి. ఈ నేల అంగారకుణ్ణి పోలి ఉందని, అక్కడికి పంపదలచిన పరికరాలను ఇక్కడ పరీక్షించారు. పోలిక నేలతో ఆగిపోవడమే అన్యాయం. అంగారకుడి మీద గురుత్వాకర్షణ భూమి మీది దానిలో 38 శాతమే. రాళ్లను అంత శ్రద్ధగా అనుకరించిన అగ్నిపర్వతం ఈ ఒక్క అంశాన్ని ఎందుకు విస్మరించిందో వివరణ కోరవలసి ఉంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది శిఖరం సమస్య. రోడ్డు అత్యధికంగా 2,300 మీటర్ల చుట్టుపక్కలకే చేరుతుంది. తీగమార్గపు (కేబుల్ కార్) దిగువ స్టేషన్ 2,356 మీటర్ల దగ్గర, ఎగువది 3,555 మీటర్ల దగ్గర ఉన్నాయి. ఆ పైన శిఖరానికి అనుమతి పత్రం చేతబట్టుకుని నడిచే వెళ్లాలి. అంటే "తెయ్‌దే ఎక్కాను" అని ఫొటోతో సహా లోకానికి ప్రకటించిన ప్రతి సైకిలిస్టుకూ తెయ్‌దేకూ మధ్య ఇంకా పదమూడు వందల మీటర్లకు పైగా నిలువు దూరం ఉంది. ఇంతమంది పెద్దమనుషుల మాటను ఒక కొండ బాహాటంగా కాదనడం సహించరానిది. రోడ్డును పైకి పొడిగించడానికి ఉద్యానవన నిబంధనలు ఒప్పుకోవు గనుక, కొండనే రోడ్డు మట్టానికి దించాలని కోరుతున్నాం. ఇది అసాధ్యమని అధికారులు తప్పించుకోలేరు. లక్షలాది సంవత్సరాల కిందట ఇదే చోట నిలిచిన పాత అగ్నిపర్వతం కుప్పకూలడం వల్లనే కదా లాస్ కన్యాదాస్ గిన్నె ఏర్పడింది, అందులో ఇప్పుడు చదునైన రోడ్డు పడింది. అనుభవమున్న పనే గనుక కొండ అభ్యంతరం చెప్పదనుకుంటాం. తేదీ ముందుగా తెలియజేస్తే చాలు, ఆ వారం హోటల్ గదులు రద్దు చేసుకుంటాం.