మధ్యాహ్నం రెండున్నర కునుకు గారికి

అయ్యా,

నిన్న విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తుంటే, సూర్యాపేట దాటాక నా హెల్మెట్‌లోకి దయచేసినందుకు ధన్యవాదాలు. చోటు ఇరుకైనా సర్దుకుని కూర్చున్నారు. నేనే మర్యాద చేయలేకపోయాను, అప్పటికి బండి మీద ఎనభైలో ఉన్నాను.

విజయవాడలో మా బావ గృహప్రవేశం. ముహూర్తం తెల్లవారుజామున 4:12కి, కాబట్టి ముందు రాత్రి ఎవరూ నడుం వాల్చలేదు. కొత్త పెయింటు వాసనకి తుమ్ములు పట్టుకుంటే అత్తయ్య సెట్రిజిన్ ఇచ్చింది. పదకొండింటికే విస్తరి: పులిహోర, పూర్ణాలు, గుమ్మడికాయ దప్పళం, చివర్లో గడ్డపెరుగు. అందరూ మీ దగ్గరి చుట్టాలే. వాళ్ళని వరసగా లోపలికి పంపించింది నేనే, ఇప్పుడు మీ మీద పడి ఏడవడం న్యాయం కాదు. అయినా ఏడుస్తాను.

గేరు మార్చే పని లేని రోడ్డు, ఒకటే ఇంజిన్ మోత, చెవుల పక్కన గాలి హోరు. మీకు ఇంతకంటే ఊయల ఏం కావాలి? మొదట ఆవులింత వచ్చింది. అద్దం పైకెత్తి బయటికి సాగనంపాను. తర్వాత రెప్పలు బరువెక్కాయి. పాట పాడాను, తొడ గిల్లుకున్నాను, "హయత్‌నగర్ ఎంతో దూరం లేదు" అని నాకు నేనే అబద్ధం చెప్పుకున్నాను. అప్పటికి ఇంకా వంద కిలోమీటర్ల పైనే ఉంది.

ఇక కొర్లపహాడ్ టోల్‌గేటు సంగతి. టూవీలర్లకి టోల్ లేదు, ఎడమ చివర సందులోంచి పోవాలి. స్లో చేయాలి, గేరు తగ్గించాలి, ఇసుక మీద జారకుండా చూసుకోవాలి. అవన్నీ నేనే చేసి ఉంటాను, బండి ఇవతల ఉంది కదా. కానీ నాకు ఆ టోల్‌గేటు గుర్తు లేదు. రాత్రి నుంచి ఆలోచిస్తున్నాను, రావడం లేదు.

గుర్తున్నది ఆ తర్వాతది. తల ఒక్కసారి గుండె మీదకి వాలి, ఉలిక్కిపడి లేచేసరికి ముందు చక్రం ఎడమ పక్క తెల్లగీత మీద ఉంది. ఎదురుగా ఆగి ఉన్న లారీ. వెనక డోరుకి ఆరేసిన గళ్ళ లుంగీ, నీలం మీద ఎరుపు, కింది అంచు చిరిగింది. ఎలా తప్పించానో తెలియదు గానీ ఆ గళ్ళు ఇప్పటికీ గీసి చూపించగలను.

ఎంతసేపు కూర్చున్నావు రా నువ్వు అక్కడ? ఎనభైలో పోయే బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది, క్రికెట్ పిచ్ కంటే ఎక్కువ. నాలుగు సెకన్లంటే దాదాపు 90 మీటర్లు, ఎవరూ నడపని బండి! కారువాడికైతే చుట్టూ రేకు ఉంటుంది, బెల్టు ఉంటుంది. నాకున్నది జీన్స్ ప్యాంటు, వెనక కట్టిన ఆవకాయ జాడీ. ఆ జాడీకి అత్తయ్య మూడు పొరలు గుడ్డ చుట్టింది. నాకు ఒక్కటే చొక్కా.

లక్ష్మణుడు అడిగితే పద్నాలుగేళ్ళు ఆ గడప తొక్కలేదట. నేను అడిగింది హయత్‌నగర్ దాకా.

ఫోన్‌లో సలహాలిచ్చేవాళ్ళ గురించి వేరే ఉత్తరం రాయాలి. పాటలు పెట్టుకో, మొహం కడుక్కో, బజ్జీ తిను. మొహం కడుక్కుంటే పది నిమిషాలు తడి మొహంతో తూగుతాం, అంతే తేడా. టీ తాగినా అది తలకెక్కేసరికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఆలోగా నకిరేకల్ వెనక్కి పోతుంది.

నకిరేకల్ దగ్గర టీ కొట్టు పెద్దమ్మ ఒక్కతే సరైన మాట చెప్పింది. గ్లాసు అందిస్తూ నా మొహం చూసి, "కండ్లు జూడు ఎట్ల ఎర్రగైనయో. చాయ్ తాగి గా బల్ల మీద జర పండుకో బిడ్డా, పట్నం యాడికి పోతది" అంది. హెల్మెట్ తల కింద పెట్టుకుని, ఇరవై నిమిషాలకి అలారం పెట్టుకుని పడుకున్నాను. బల్లకి ఒక కాలు పొట్టి. లారీలు పోతుంటే ఊగుతోంది. ఈగలు. నిద్ర సుఖమెరగదంటారు గానీ, ఎరుగుతుంది. అంత తీయగా నువ్వు నా పరుపు మీద ఎప్పుడైనా వచ్చావా?

లేచాక పంతంగి టోల్‌గేటు, చౌటుప్పల్, పెద్ద అంబర్‌పేట అన్నీ చూశాను. అన్నీ గుర్తున్నాయి. ఎల్బీనగర్ ట్రాఫిక్ అయితే మరీ వివరంగా.

ఇప్పుడు రాత్రి ఒంటిగంటన్నర. కొత్తపేటలో, మా ఇంట్లో, లైటు తీసేసి, ఫ్యాను మూడులో పెట్టి గంటన్నరగా దొర్లుతున్నాను. బండి కింద పార్కింగులో ఉంది, సైడ్ స్టాండు వేసే ఉంది. ఇప్పుడు రా.