బండ బరువు ఎవరి కోసమూ మారదు

శివరాత్రి జాతరకు మేళ్లచెరువు వెళ్లినవాళ్లకు ఆ సందడి కొత్తగా చెప్పనక్కర్లేదు. బండలాగుడు పోటీలో పేరున్న ఎద్దుల జత బరిలోకి వస్తోందని మైకులో వినపడగానే జనం తాళ్ల మీదికి తోసుకొస్తారు. బండ కదలగానే ఈలలు, కేకలు, వెనక లేచే దుమ్ము. ఆ జత లాగడం అయిపోయిందంటే సగంమంది లేచి మిర్చిబజ్జీల బండి వైపు నడుస్తారు. అంత మోజున్న జత అయినా సరే, దాని యజమాని అలిగాడని బండ బరువు తగ్గిస్తే ఊరు ఒప్పుకోదు. ఆ విభాగంలో దిగిన ఎద్దులన్నిటికీ బండ ఒకటే, సమయం ఒకటే. ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క.

ఫార్ములా వన్ కార్ల రేసుల నుంచి ఇటలీ జట్టు ఫెరారీ తప్పుకుంటే ఆ పోటీ బతుకుతుందా? ఎప్పటినుంచో నలుగుతున్న ఈ ప్రశ్నకు మా జవాబు ఒక్కటే: బతుకుతుంది. గట్టి దెబ్బే తగులుతుంది, అయినా బతుకుతుంది.

ఫెరారీ బలాన్ని మేము తక్కువ చేయడం లేదు. 1950లో ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలైనప్పటి నుంచి ఒక్క సీజన్ కూడా వదలకుండా పాల్గొన్న జట్టు అదొక్కటే. 16 జట్టు టైటిళ్లు, 15 డ్రైవర్ టైటిళ్లు దాని ఖాతాలో ఉన్నాయి. 2007లో కిమీ రైకోనెన్ డ్రైవర్ టైటిల్ తెచ్చి, మరుసటి ఏడాది జట్టు టైటిల్ వచ్చాక పదిహేనేళ్లు దాటినా ఇటలీలోని మోంజా ట్రాక్ గ్యాలరీలు ఫెరారీ రంగైన ఎరుపుతోనే నిండుతున్నాయి. నల్లగొండ గడియారం సెంటర్‌లో ఆదివారం సాయంత్రం ఆరున్నరకు ఫోన్ చుట్టూ చేరే కుర్రాళ్లను అడగండి. నలుగురిలో ఇద్దరు ఎర్ర కారు పేరే చెబుతారు.

ఆ అభిమానాన్నే ఆ జట్టు బేరానికి వాడుకుంది. 1986లో ఫార్ములా వన్ వదిలేస్తామంటూ అమెరికా ఇండీకార్ రేసులకు సరిపోయే కారునే తయారు చేయించి చూపించింది. 2009లో ఖర్చుకు పరిమితి పెడతామంటే ఫెరారీ సహా పెద్ద జట్లు వేరు కుంపటి పెడతామన్నాయి. 2017లో అప్పటి అధిపతి సెర్జియో మార్కియోనె మళ్లీ అదే మాటన్నారు.

2009 బెదిరింపు దగ్గర కాస్త ఆగాలి. ఏడాదికి 4 కోట్ల పౌండ్ల పరిమితి వస్తుందన్న నమ్మకంతో చిన్న జట్లు 2010లోకి అడుగుపెట్టాయి. ఆ పరిమితి మాత్రం అటకెక్కింది. వాటిలో ఒకటైన హెచ్‌ఆర్‌టీ 2012తోనే మూతపడింది. మన కరుణ్ చందోక్, నారాయణ్ కార్తికేయన్ ఆ జట్టు కార్లు నడిపారు. చివరికి 14.5 కోట్ల డాలర్ల ఖర్చు పరిమితి 2021లో వచ్చింది. ఫెరారీ ఎక్కడికీ పోలేదు. పన్నెండేళ్ల ముందే నిర్వాహకులు గట్టిగా నిలబడి ఉంటే ఆ చిన్న జట్లలో ఒకటి రెండైనా ఇవాళ బరిలో ఉండేవేమో.

జట్లు పోవడం ఈ ఆటకు కొత్త కాదు. బ్రాబమ్, లోటస్, టైరెల్ పోయాయి. 2008 డిసెంబర్‌లో హోండా వదిలేసిన జట్టే బ్రాన్ పేరుతో మరుసటి ఏడాది చాంపియన్ అయింది. అవన్నీ ఫెరారీలు కావు కదా అంటారు. నిజమే. అమెరికాలో కార్ట్ అనే రేసుల సిరీస్‌ను 2001 తర్వాత పెద్ద జట్టైన పెన్స్కే వదిలి వెళ్లింది, రెండేళ్లకే ఆ సంస్థ దివాలా తీసింది. అయితే కార్ట్ అంతకుముందే, 1996 చీలికలో, తన ప్రాణం లాంటి ఇండియానాపొలిస్ 500 రేసును పోగొట్టుకుంది. ఆడీ, పోర్షె పెద్ద కార్లు తప్పుకున్నా, గంటల తరబడి సాగే రేసుల ఎండ్యూరన్స్ చాంపియన్‌షిప్ నిలబడిందంటే లె మాన్ రేసు దాని చేతిలో ఉండబట్టే.

2005లో ఇండియానాపొలిస్‌లో జరిగిన ఫార్ములా వన్ రేసు చూడండి. టైర్లు సురక్షితం కాదని మిషెలిన్ టైర్లు వాడే జట్లన్నీ తప్పుకోగా ఆరు కార్లతోనే రేసు జరిగింది. మొదటి రెండు స్థానాలూ ఫెరారీవే. ప్రేక్షకులు అరిచి గోల చేశారు, చాలామంది మధ్యలోనే వెళ్లిపోయారు. పక్కన పోటీ లేకపోతే ఎర్ర కారు కూడా జనాన్ని కూర్చోబెట్టలేకపోయింది.

అందుకే కొత్త నిబంధనలను అడ్డుకునే వీటో హక్కు ఒక్క జట్టు చేతిలో ఉండటం మాకు నచ్చదు. 2015లో ఇంజిన్ల ధరకు పరిమితి పెట్టాలన్నప్పుడు ఫెరారీ దాన్నే వాడింది. ఎక్కువకాలం ఉన్నందుకు ఇచ్చే అదనపు ఆదాయ వాటా సంగతీ అంతే. గెలిచినదానికి డబ్బివ్వాలి, పాతదనానికి కాదు.

మన రాష్ట్రానికే వద్దాం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల పోటీ అయిన ఫార్ములా ఈ రేసు జరిగింది. అప్పటికే ఆడీ, బీఎండబ్ల్యూ, చాంపియన్ అయిన మెర్సిడెస్ ఆ సిరీస్‌ను వదిలి వెళ్లాయి. అయినా రేసు ఆగలేదు, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. పాలమూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వెళ్లినవాళ్లలో మెర్సిడెస్ లేదని టెన్షన్ పడినవాళ్లు మాకు కనిపించలేదు. 2024లో మాత్రం ఒప్పందం ముందుకు సాగక హైదరాబాద్ రేసే రద్దయింది. ఏ జట్టు అలకా దానికి కారణం కాదు. ప్రభుత్వం, నిర్వాహకులు ఖర్చుల లెక్కలు జనం ముందు పెట్టి, ఆ రేసు గురించి మళ్లీ మాట్లాడుకోవాలని మేము కోరుతున్నాం.