పిడి మాత్రం నా చేతిలోనే ఉంది

మా తాత మచ్చుకత్తి ముప్పై ఏళ్ళు మా పాత ఇంటి చూరులో ఉంది. ఆ ముప్పై ఏళ్ళూ దానికి ఏమీ కాలేదు. బాగుచేద్దామని నేను కిందికి దించిన పదకొండు రోజుల్లో మాత్రం కావాల్సినవన్నీ అయ్యాయి.

మాది ఉదయగిరి దగ్గర పల్లె. నేనుండేది నెల్లూరులో. చేసేది ఏసీ గదిలో కూర్చుని ఎవరి లెక్కలో చూసే ఉద్యోగం. మా ఊరి కొండ మీద చిన్న శివాలయం ఉంది. గోపురాలూ అవీ ఊహించుకోకండి. నాలుగు రాతి స్తంభాలు, పైన ఒక బండ, లోపల శివయ్య. ఏడాదంతా ఆయన ఒక్కడే ఉంటాడు, శివరాత్రికి మాత్రం ఊరంతా ఎక్కుతుంది. మా వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి గనుక, మాఘమాసం వచ్చేసరికి బాట ఎక్కడుందో వెతుక్కోవాలి. చిల్లకంప రెండు పక్కల నుంచీ వచ్చి చేతులు కలిపేసుకుని ఉంటుంది. దాని మీద తీగలు. అందుకని పండక్కి వారం ముందు, ఫారెస్టు వాళ్ళకి చెప్పి, ఇంటికొకరు చొప్పున పోయి బాట కొట్టి వస్తారు. చెట్ల జోలికి పోరు. కంపా తీగా వరకే.

మా ఇంటి తరఫున ఎప్పుడూ మా నాయనే పోయేవాడు. ఈసారి ఆయనకి మోకాలి ఆపరేషన్. "నేను లేనా?" అన్నాను ఫోన్లో. అవతల కాసేపు ఏమీ వినబడలేదు. సిగ్నల్ పోయిందనుకున్నాను. సిగ్నల్ బాగానే ఉందని తరవాత అమ్మ చెప్పింది.

కత్తి మూరెడు పొడవుంటుంది. వీపు మందం, కొస దగ్గర చిలకముక్కులా లోపలికి వంపు. ఆ వంపుతో తీగని దగ్గరికి లాక్కుని తెంపొచ్చు. బరువంతా ముక్కు వైపే ఉంటుంది కాబట్టి ఎత్తడం మన వంతు, దిగడం దాని వంతు. తాత ఎక్కడో లారీ కమాన్ పట్టీ ఒకటి సంపాదించి, మా ఊరి కమ్మరి చేత దగ్గరుండి కొట్టించాడట. వీపు మీద సమ్మెట దెబ్బల గుంటలు ఇప్పటికీ వేలికి తగులుతాయి. పిడి తుమ్మకర్రది. తాత అరచెయ్యి ఆనిన చోట నున్నగా, నల్లగా, సీతాఫలం గింజలా మెరుస్తుంది. పిడి మూతికి ఇత్తడి పొన్ను. ఆ పొన్ను కొంచెం వదులై, కత్తిని ఊపితే గజ్జెలా చప్పుడు చేసేది. ఈ చప్పుడు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

మొదట తుప్పు వదిలిద్దామని గిన్నెలు తోమే లిక్విడ్ పోసి, గరుకు కాగితంతో రెండు గంటలు రుద్దాను. తుప్పుతో పాటు ముప్పై ఏళ్ళుగా దాని ఒంటిని పట్టుకుని ఉన్న నల్లటి పొర కూడా పోయింది. స్టీలు కంచంలా తళతళలాడింది. మురిసిపోయి తుడవకుండా గట్టు మీద పెట్టి పడుకున్నాను. తెల్లారేసరికి ఒళ్ళంతా పసుపు రాసుకున్న పెళ్ళికూతురిలా ఉంది. ఇంత ఆముదం రాసి ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఆముదం సీసా ఇంట్లోనే ఉంది, మా ఆవిడ జుట్టుకి వాడుతుంది.

తరవాత పదును. సానరాయి మీద నీళ్ళు చల్లుకుంటూ పట్టాలంటే ఒక పూట పడుతుంది. మనకంత ఓపికెక్కడిది? ఒక వెల్డింగ్ షాపుకి తీసుకెళ్ళి గ్రైండర్ పెట్టించాను. దీపావళి చిచ్చుబుడ్డిలా నిప్పురవ్వలు. వీడియో తీసుకున్నాను. అయిపోయాక చూస్తే అంచు పొడుగునా నెమలి మెడ రంగు! ముంజేతి మీద పెట్టి లాగితే వెంట్రుకలు రాలాయి. "తాతగారి కత్తి, మనవడి పదును" అని స్టేటస్ పెట్టాను. మా ఊరి కమ్మరాయన కూడా చూశాడట. ఏమీ అనకుండా ఫోన్ బోర్లా పెట్టి టీ తాగాడట.

చివరికి పిడి. వదులుగా ఉన్న పిడిని రాత్రంతా నీళ్ళలో నానబెడితే కర్ర ఉబ్బి బిగుసుకుంటుందని ఫోన్లో ఎవరో చెప్పారు. బకెట్లో తలకిందులుగా నిలబెట్టాను. పొద్దున చూస్తే నిజంగానే బిగిసింది. గజ్జె చప్పుడు పోయింది. లక్కా గిక్కా పెట్టించకుండా ఖర్చు లేకుండా పని అయిపోయిందని నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను. ఉబ్బిన కర్ర ఎండితే ఏమవుతుందో ఆ ఫోన్లో మనిషి చెప్పలేదు. వీడియో అక్కడితో అయిపోయింది.

ఆదివారం పొద్దున ఆరింటికి తొమ్మిది మందిమి కొండ కింద చేరాం. మా పెదనాయన పెద్దదిక్కు. డెబ్బై దాటాయి, పళ్ళు సగం లేవు, కత్తి మాత్రం ఎవరికీ ఇవ్వడు. నా షూసూ, టోపీ, చేతులకి తొడుక్కున్న గ్లవుజులూ పైనుంచి కింద దాకా చూసి "పెళ్ళికి పోతాండావా అబ్బయ్యా?" అన్నాడు. తరవాత అందరికీ చెప్పాడు: "మనిషికీ మనిషికీ మధ్య రెండు బారల ఎడం ఉండాల. కత్తి పట్టినోడికి ముందర నిలబడొద్దు, పక్కన నిలబడొద్దు. ఎనక అసలే నిలబడొద్దు."

"ఎనకెందుకు పెదనాయనా? నరికేది ముందుకి గదా?"

"నిలబడొద్దన్నా గదా."

పెద్దవాళ్ళకి కారణం అడిగితే కోపం అనుకుని ఊరుకున్నాను. అన్నాల సంచి మాత్రం నా వెనక పది గజాల్లో ఉన్న వేపచెట్టు కొమ్మకి తగిలించాను. నీడ బాగుందని.

ఒకరు పంగలకర్రతో కంపని పైకెత్తి పట్టుకోవాలి, ఇంకొకరు వంగి అడుగున కొట్టాలి. ఆ తరవాత అదే కర్రతో దాన్ని పక్కకి తొయ్యాలి. మిగిలినవాళ్ళు ఇలా జంటలుగా మాట్లాడుకుంటూ పోతున్నారు. నేను ఒంటరిగా, సినిమా హీరోలా, రొమ్మెత్తున ఇటొకటి అటొకటి వేస్తున్నాను. పెదనాయన చూసి "నేలకి ఆనించి కొట్టు నాయనా. మోకాలెత్తు కొయ్య మిగిలిస్తే, శివరాత్రికి చెప్పుల్లేకుండా చీకట్లో ఎక్కే ముసిల్ది నీకు శాపనార్థాలు పెడతాది" అన్నాడు. వంగాను. వంగితే నడుము ఎక్కడుందో మొదటిసారి తెలిసింది.

మొదటి అరగంట కత్తి బ్రహ్మాండంగా తెగింది. తరవాత ఎందుకో కంప తెగడం మానేసి ఊగడం మొదలుపెట్టింది. అంచు చూసుకుంటే, కాలిన అప్పడం చివర మడిచినట్టు ఒక పక్కకి వాలిపోయి ఉంది. అయినా కొడుతూనే ఉన్నాను. పక్కజంటలోంచి ఒకాయన పని ఆపి మరీ అడిగాడు: "కంపని నరకతాండావా, జోకొడతాండావా?"

పదింటికి నీళ్ళు తాగడానికి ఆగాం. అక్కడి నుంచి ఉదయగిరి దుర్గం కనబడుతుంది. పరువు కాస్త వెనక్కి తెచ్చుకుందామని చరిత్ర ఎత్తుకున్నాను. రాయలవారు ఆ కోటని గజపతుల దగ్గర 1514లో పట్టుకున్నారనీ, ముట్టడి ఏడాదిన్నర సాగిందని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ రాశాడనీ చెప్పాను. పైకెళ్ళే దారి ఒక్కొక్క మనిషి మాత్రమే పట్టేంత ఇరుకుగా ఉంటే, రాయలు బండలు పగలగొట్టించి, కొండల్లో కొత్త బాటలు వేయించి, ఆ ఇరుకు దారిని వెడల్పు చేయించాడట.

పెదనాయన శ్రద్ధగా విన్నాడు. "ఏడాదిన్నరా?" అన్నాడు. నేను కొట్టిన నాలుగు గజాల వైపు చూశాడు. "రాయలోరు బిన్నానే చేసినారబ్బా."

రోషం వచ్చింది. లేచి, ఒక ముదురు మొదలు చూసుకుని, రెండు చేతులతో పిడి పట్టుకుని, తల వెనక దాకా ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి దించాను. ఆ దెబ్బ ఎంత తేలిగ్గా పడిందంటే, కళ్ళు మూసుకుని కొట్టినంత హాయి. ఇన్నాళ్ళకి కిటుకు తెలిసిందనుకున్నాను. మరుక్షణం రెండు పిడికిళ్ళూ కంపలో దిగాయి. గ్లవుజులు దాటి ముళ్ళు. చూసుకుంటే పిడి మాత్రం నా చేతిలోనే ఉంది.

పొద్దుటి నుంచి ఎండకీ గాలికీ పిడి ఎంత ఉబ్బిందో అంతా ఎండిపోయింది. అది ఇప్పుడు తెలిసిన విషయం. అప్పుడు తెలిసింది ఒక్కటే, తాత కత్తి లేదు.

అందరూ చేరారు. "ముందుకి కొట్టినాడు, ముందరే పడుంటాది" అన్నారొకరు. పెదనాయన మనవడు డిగ్రీ చదువుతున్నాడు, ఫిజిక్సు. వాడు ఫోన్ తీసి, చేతి ఎత్తు, వేగం, కోణం అన్నీ వేసి, ఉత్తరంగా పద్దెనిమిది గజాల్లో పడి ఉండాలని తేల్చాడు. చదువుకున్నవాడు చెప్పాడు కదా అని తొమ్మిది మందిమీ ఉత్తరానికి కంప కొట్టుకుంటూ పోయాం. కొట్టిన కంప పక్కకి లాగడం, ఆకులు కర్రతో కెలకడం, ఇంకొంచెం ముందుకు పోవడం. పోయింది పెద్దాయన కత్తి కాబట్టి అందరూ మనసుపెట్టి పనిచేశారు. రెండు గంటల్లో ఇరవై అయిదు గజాల పొడవు, రెండు బారల వెడల్పు, అద్దంలాంటి బాట తయారైంది. అది గుడి వైపు పోదు. ఎటూ పోదు.

ఒంటిగంటకి ఆకలేసి, సంచి తెమ్మని ఫిజిక్సుని పంపాం. వాడు చెట్టు దగ్గర నిలబడి అరిచాడు: "బాబాయ్, సంచి రావట్లా!"

రాదు. చిలకముక్కు సంచిలోంచి పోయి, పెరుగన్నం ప్లాస్టిక్ డబ్బా మూతలోంచి పోయి, వేపచెట్టు బెరడులో దిగి ఉంది. పెరుగు చుక్కలు చుక్కలుగా కారుతోంది. కిందున్న చీమలు మాకంటే ముందే పంక్తి వేసుకున్నాయి. కత్తి నేను దించినప్పుడు పోలేదు, ఎత్తినప్పుడే పోయింది. నేను కొట్టింది ఉత్త పిడితో. ఆ తేలికంతా అదీ.

పెదనాయన సంచి వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"ఎనకెందుకు అన్నావు గదా" అన్నాడు.

ఆ సాయంత్రం కత్తీ పిడీ విడివిడిగా పట్టుకుని కమ్మరాయన దగ్గరికి పోయాను. ఆయన అంచు మీది నీలాన్ని బొటనవేలి గోరుతో చూపించాడు. "ఇది అందం గాదబ్బయ్యా, కత్తికి జొరం. గ్రైండరు వేడికి పానం పోయింది." పదును పెట్టేటప్పుడు ఇనుము ఆ రంగుకి వచ్చిందంటే సుమారు 300 డిగ్రీల దాకా కాలిందని లెక్క. అంచు మెత్తబడిపోతుంది. కొలిమిలో పెట్టి ఎర్రగా కాల్చి, అయస్కాంతం దగ్గర పెడితే అంటుకోనంత వేడెక్కాక అంచుని నూనెలో ముంచాడు. తరవాత సన్నసెగ మీద మళ్ళీ కాస్త వేడి చూపిస్తూ, తోమిన అంచు మీదికి ఎండుగడ్డి రంగు రాగానే టక్కున చల్లార్చాడు. ఆ రంగు కోసం ఆయన రెప్ప వెయ్యకుండా కూర్చున్న తీరు చూస్తే, నా స్టేటస్ చూసి టీ తాగడం ఎంత పెద్దమనసో అర్థమైంది. పిడి బొక్కలో లక్కపొడి నింపి, తోకని కాల్చి లోపలికి దించాడు. చుయ్ మని పొగ, తియ్యటి కాలిన వాసన. చల్లారాక లాగి చూడమన్నాడు. లాగాను. నేనే కదిలాను, కత్తి కదల్లేదు.

రెండొందల యాభై తీసుకున్నాడు. స్టేటస్ తీసేసి రమ్మన్నాడు. అది ఇరవై నాలుగు గంటలకి అదే పోయిందని చెప్తే, "మంచిపని" అన్నాడు.

శివరాత్రి నాడు టార్చిలైట్లతో జనం ఎక్కారు. సగం దాకా బాగానే వచ్చి, అక్కడ అసలు బాట కంటే వెడల్పుగా, నున్నగా ఇంకో బాట కనబడేసరికి సగం ఊరు అటే తిరిగింది. ఇరవై అయిదు గజాలు పోయి, కంపగోడకి ఎదురుగా నిలబడి, శివయ్యని వెతుక్కుని, వెనక్కి వచ్చింది. చివరికి పెదనాయన ఆ మలుపులో తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. "ఇటు గాదమ్మా, అటు. ఇది మావాడి కత్తి పోయిన బాట" అని వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ రాత్రంతా చెబుతూనే ఉన్నాడు. ఆయన విసుక్కోలేదు. ప్రతిసారీ కొత్తగా చెప్పాడు.

తెల్లవారుజామున దిగివస్తుంటే, నా బాటలో ఎవరో నిమ్మసోడాల బుట్ట దించుకుని కూర్చుని ఉన్నారు. చుట్టూ పిల్లలు, ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని సేద తీరుతున్నారు. నేనూ ఒక సోడా తాగాను. స్థలం ఎవరిదో తెలిసినట్టు లేదు, ఇరవై రూపాయలూ తీసుకున్నాడు.